ఇంపోజిషన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇంపోజిషన్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారని సాయంత్రం పూట మా ఇంట్లోనే కళ్ళారా చూస్తున్నాను కనుక కుశల ప్రశ్నలు వేయను. మా అమ్మాయి తెలుగు పరీక్షలో ‘విద్యార్థి’ బదులు ‘విద్యార్ధి’ అని రాసిన పాపానికి, వంద వరుసల పరివారంతో మీరు విచ్చేశారు. రాకరాక వచ్చిన అతిథి కూడా కాదు మీరు. మా నాన్నగారి చిన్నప్పుడు పలక మీద, నా చిన్నప్పుడు రూళ్ళ పుస్తకంలో, ఇప్పుడు నా కూతురి హోంవర్కులో. మూడు తరాల పరిచయం!

మీ పని ఎలా సాగుతుందో పక్కన కూర్చుని చూశాను. అమ్మాయి ముందుగా ‘వి’ని పేజీ పొడవునా నిలువుగా దింపింది. దాని పక్కనే ‘ద్యా’ల వరుస. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడు ‘ర్థి’ల వరుస. గంటలో మీ మొక్కు తీరింది. ఇందులో గొప్ప ఏమిటంటే, వంద సార్లు రాసిన పిల్ల ఆ మాటను ఒక్కసారి కూడా రాయలేదు. పై తరగతుల పిల్లలు ఇంకా ఘనులు: మూడు పెన్నులను రబ్బరు బ్యాండుతో కట్టి ఒక్క గీతకు మూడు వరుసలు లాగేస్తారు. కనిపెట్టే తెలివి పెంచడంలో మీ సేవను ఎవరూ కాదనలేరు.

బుద్ధిగా అడ్డంగా రాసే పిల్లల గతి మరీ అన్యాయం. నాలుగో వరుసకు వచ్చేసరికి కన్ను పాఠం వైపు పోదు, పై వరుసను చూసే చేయి కదులుతుంది. అక్కడ థలో చుక్క ఒక్కటి జారిందా, కింది తొంభై ఆరు వరుసలూ ధలే. తప్పే చేతికి అలవాటైపోతుంది. దాని కింద ఎర్ర సిరాతో టిక్కు కూడా పడుతుంది, ఎందుకంటే మిమ్మల్ని లెక్కపెడతారే గాని చదవరు. టీచరును నేను తప్పుపట్టను. అరవై మంది ఉన్న తరగతిలో ఎవరి తప్పు ఎందుకు వచ్చిందో విచారించే తీరిక ఆమెకు ఎక్కడిది? ‘వంద సార్లు రాసుకుని రా’ అనే ఒక్క మాటతో ఆ విచారణ అంతా తప్పించి పెడతారు మీరు. మీ పలుకుబడి రహస్యం అదే.

మీ గుట్టు ఈనాడు బయటపడింది కూడా కాదు. అమెరికాలో జోసెఫ్ మేయర్ రైస్ అనే వైద్యుడు వేల మంది బడిపిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగు పరీక్షలు పెట్టి, 1897లో ఫలితాలు ప్రచురించాడు. రోజూ ఎక్కువ సేపు రుద్దించిన బళ్ళకూ, పావుగంటతో సరిపెట్టిన బళ్ళకూ పెద్ద తేడా కనబడలేదని తేల్చాడు. అయినా మీరు చెక్కుచెదరలేదు. అభినందనలు.

‘తెలుగుకు స్పెల్లింగుల బెడద లేదు, పలికినట్టే రాస్తాం’ అని మనవాళ్ళు మీసం మెలేస్తారు. నిజానికి మనలో చాలామంది మాటల్లో థ, ధలను ఒకేలా పలుకుతాం. శ, ష, సలది కూడా ఇంచుమించు అదే కథ. పలకని తేడాను పిల్ల ఎలా రాయాలి? చెవి చెప్పనిది బుద్ధికి చెప్పాలి. ఆ పని మీ వల్ల కాదు.

మా అమ్మాయికి మీరు వెళ్ళాక నేను చెప్పింది ఇది. అర్థించడం అంటే కోరడం. విద్యను కోరేవాడు విద్యార్థి, శరణు కోరేవాడు శరణార్థి, ఓట్లు కోరేవాడు అభ్యర్థి, దేవుణ్ణి కోరుకునేది ప్రార్థన. ఈ ఇంటివాళ్ళందరికీ థ. సగం అయితేనే ధ: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధాంగి. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఊపు వచ్చి ఇంకొకటి అడిగితే శ, ష, సల సంగతి చెప్పాను. ట పక్కన ష వస్తుంది: కష్టం, నష్టం, ఇష్టం. చ పక్కన శ: ఆశ్చర్యం, నిశ్చయం, పశ్చిమం. త పక్కన స: పుస్తకం, వస్తువు, ఆస్తి. (పోస్టు, టెస్టు లాంటి ఇంగ్లీషు చుట్టాలు ఈ లెక్కలోకి రారు.) ఈ ఒక్క సూత్రం ఎన్ని వందల వరుసలను మింగేస్తుందో మీరే లెక్క వేసుకోండి. లెక్కలే కదా మీ వృత్తి.

తర్వాత మాటను ఒకసారి చూసి, పుస్తకం మూసి, తలలోంచి తీసి రాయించాను. తెరిచి తనే సరిచూసుకుంది. తప్పిన అక్షరం చుట్టూ తనే సున్నా చుట్టి నోటుపుస్తకం చివరి పేజీలో ఎక్కించింది. ఆ పేజీలోని మాటలను మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, వారానికి మళ్ళీ ఒకసారి ఉక్తలేఖనం చెబుతాను. ఒకే పూట కూరేదాని కంటే ఎడం ఇచ్చి గుర్తుచేసుకునేదే నిలుస్తుందని జర్మనీలో ఎబింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చెప్పాడు. ఫోను దిద్దుతుందిలే అనుకోవడానికీ లేదు: అర్థం, అర్ధం రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కనుక అది కిమ్మనదు.

ఇంతకీ మా వీధి చివర బడి గోడ మీద ‘విద్యార్ధులకు ప్రవేశములు జరుగుచున్నవి’ అని అడుగెత్తు అక్షరాలతో ఉంది. దాన్ని రాసినవారి ఇంటికి మీరు ఎప్పుడు వెళుతున్నారు? మీ ప్రతాపం పదేళ్ళ పిల్లల మీదేనా?

మీ వయసు దృష్ట్యా స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తు ఒకటి దీనితో జతచేస్తున్నాను. ‘స్వచ్ఛంద’ దగ్గర కొంచెం జాగ్రత్త, చ కింద ఛ వత్తు వస్తుంది. దయచేసి ఒక్కసారే రాసి పంపండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విద్యార్థిని తండ్రి