రీలోడింగ్ సరే, గాలి మాటేంటి?

తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటే, అంటే కాల్చేసిన ఖాళీ తూటాల్ని మళ్లీ నింపుకుంటే, 800 గజాల దూరంలో ఉన్న ఎల్క్‌ని (పెద్ద జాతి జింక) కూడా పడగొట్టొచ్చని వేట గురించిన ఒక వ్యాసంలో రాశారు, అందులో సగమే నిజం. వాడేసిన ఇత్తడి కేస్‌లో కొత్త ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) పెట్టి పౌడర్ జాగ్రత్తగా తూచి పోసుకుంటే ఒక్కో తూటా వేగంలో తేడా తగ్గుతుంది, దాంతో గుండు పైకీ కిందికీ చెదరడం తగ్గుతుంది, అంతవరకే. పక్కనుంచి కొట్టే గాలిని ఏ రీలోడింగూ ఆపదు. మామూలు .308 రైఫిల్ తూటా తీసుకోండి, 100 గజాలకు జీరో చేసి, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసుకుని, 500 గజాలకు కాలిస్తే గుండు సుమారు 5 అడుగులు దిగుతుంది, అది లెక్కకు అందేదే, స్కోప్ (తుపాకీ మీది గురి దుర్బిణి) మీటలు తిప్పుకుంటే సరి. కానీ గంటకు 10 మైళ్ల గాలి దాన్ని అడుగున్నరకు పైగా పక్కకు నెట్టేస్తుంది, లోయల్లో ఆ గాలి ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. పైగా గుండు చేరేలోపు సుమారు 0.7 సెకను, ఆలోపు జంతువు ఒక్క అడుగేస్తే గుండెకు తగలాల్సింది పొట్టలో తగులుతుంది, ఇక అది గాయంతో ఎక్కడికో పోయి నరకం చూసి చస్తుంది. దీన్ని నైపుణ్యం అంటే నేను ఒప్పుకోను. అమెరికాలో ఉన్న మా బావ 300 గజాలు దాటితే ట్రిగ్గర్ ముట్టడు, దగ్గరికి నడిచే ఓపిక లేనోడికి వేటెందుకు అంటాడు.

ఇది చదివి మన హైదరాబాద్ కుర్రాళ్లెవరైనా రీలోడింగ్ కిట్ తెప్పించుకుందాం అనుకుంటే ఆగండి బాబూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వేట నేరం, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడమూ నేరమే. అంత సరదా ఉంటే రేంజ్‌కి వెళ్లి ఎయిర్ రైఫిల్ పట్టండి, మన గగన్ నారంగ్‌కి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం వచ్చింది దాంతోనే. ఎయిర్ రైఫిల్ గాలి ఒత్తిడితో కాల్చే చిన్న గుండు, అదే పెల్లెట్‌కి పౌడరే ఉండదు కాబట్టి ఈ రీలోడింగ్ టెన్షనూ లేదు.