గుద్దినా నాయకత్వమే, గెలిస్తే!

బాస్కెట్‌బాల్ కోర్టు మీద జట్టుకు ఐదుగురే ఉంటారు. బంతి ఒక్కటే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో అయితే దాన్ని 24 సెకన్లలోపు రింగు వైపు విసిరి తీరాలి. ఇంత చిన్న సంసారానికి నాయకుడెందుకని అడిగే అమాయకులున్నారు. నాయకుడే లేకపోతే ఓడిన రోజు ఎవర్ని తిట్టాలి?

స్టార్ ఆటగాడు జట్టును నిజంగా నడిపించగలడా అన్న ప్రశ్నను నేను చాలా ఏళ్లుగా సోఫాలో పడుకుని లోతుగా పరిశీలిస్తున్నాను. తేలిందేమిటంటే, నాయకత్వ లక్షణాలు పుట్టుకతో రావు, సాధనతోనూ రావు. ఆఖరి మ్యాచ్ ముగిసిన పావుగంటకు వస్తాయి. కొందరికి పాత తేదీ వేసి మరీ ఇస్తాం.

మైకేల్ జోర్డాన్‌నే తీసుకోండి. 1986-87లో మ్యాచ్‌కు సగటున 37.1 పాయింట్లు కొట్టాడు. ఆయన జట్టు షికాగో బుల్స్ మాత్రం 40 గెలిచి 42 ఓడింది. సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో బోస్టన్ చేతిలో మూడుకు మూడూ పోయాయి. అప్పట్లో ఆయన బంతి వదలని మనిషి. 1991లో తొలి టైటిల్ వచ్చింది, చూస్తుండగానే అవి ఆరయ్యాయి, ఆయన పట్టుదల గల మనిషయ్యాడు.

ఈ మధ్యలో, 1995లో, ప్రాక్టీసు జరుగుతుండగా సహచరుడు స్టీవ్ కెర్‌ను ముఖం మీద గుద్దాడు. కన్ను వాచింది. కోచ్ ఫిల్ జాక్సన్ ప్రాక్టీసు నుంచి పంపించేశాడు, తర్వాత జోర్డాన్ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాడు. ఇంకొకరు చేసుంటే దీన్ని కొట్లాట అంటాం. కానీ 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో, సరిగ్గా ఆఖరి క్షణాల్లో, జోర్డాన్ బంతిని అదే కెర్‌కు అందించాడు. కెర్ వేశాడు, టైటిల్ వచ్చింది. దాంతో ఆ గుద్దు కాస్తా జట్టు నిర్మాణం కిందికి వచ్చేసింది. ఈ పద్ధతిని తమ ఆఫీసులో ప్రయత్నించదలచినవారు ముందుగా ఆరు టైటిళ్లు సంపాదించుకోవాలని మనవి.

నా సిద్ధాంతానికి అడ్డం పడే సంగతి ఒకటుంది. 1993లో జోర్డాన్ ఆట మానేసి బేస్‌బాల్‌కు వెళ్లిపోయాడు. అంతకుముందు సీజన్లో 57 గెలిచిన బుల్స్, ఆయన లేకుండా 55 గెలిచింది. అంటే లెక్క ప్రకారం లోకంలోకెల్లా గొప్ప నాయకత్వం ఖరీదు రెండు మ్యాచ్‌లు. ఈ లెక్క నాకు నచ్చలేదు కాబట్టి పక్కన పెట్టాను. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లోనే న్యూయార్క్ మీద మూడో మ్యాచ్‌లో, 1.8 సెకన్లు మిగిలుండగా, ఆఖరి షాట్ టోనీ కూకోచ్‌కు ఇచ్చారని కొత్త నాయకుడు స్కాటీ పిప్పెన్ అలిగి బెంచి మీదే కూర్చున్నాడు. కూకోచ్ వేశాడు, బుల్స్ గెలిచింది. నాయకుడు అలిగినా జట్టు గెలవడమా? దీన్నీ పక్కన పెట్టాను.

లెబ్రాన్ జేమ్స్ పరిస్థితి మరీ అన్యాయం. 2018 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో 51 పాయింట్లు కొట్టాడు. స్కోరు 107-107. నాలుగున్నర సెకన్లకు కాస్త ఎక్కువే ఉంది. సహచరుడు జె.ఆర్. స్మిత్ చేతికి రీబౌండ్, అంటే రింగులో పడక తిరిగొచ్చిన బంతి, చిక్కింది, రింగు పక్కనే ఉంది. ఆయన బంతిని దాని నుంచి దూరంగా, ఎవరో తరుముతున్నట్టు తీసుకుపోయాడు. లెబ్రాన్ రెండు చేతులూ చాచి ‘అటు, అటు’ అన్నట్టు చూపిస్తున్న ఫొటో చూడనివారుండరు. ఓవర్‌టైమ్‌లో ఓడారు. నాబోటి నిపుణుల తీర్పు: సహచరుడికి స్కోరుబోర్డు చదవడం నేర్పనివాడు నాయకుడెలా అవుతాడు?

పాతకాలంలోనూ ఇదే గొడవ. విల్ట్ చాంబర్లేన్ 1962లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు, ఆ ఏడాది టైటిల్ మాత్రం బోస్టన్‌కే పోయింది. అక్కడ బిల్ రస్సెల్ అనే ఆయన ఏ సీజన్లోనూ సగటున 20 పాయింట్లు దాటకుండా 13 సీజన్లలో 11 టైటిళ్లు నెగ్గాడు. చివరి రెండూ ఆడుతూనే కోచ్‌గా కూడా ఉండి. పెద్ద మ్యాచ్‌లకు ముందు టెన్షన్‌తో వాంతి చేసుకునేవాడు, ఆ శబ్దం వింటే సహచరులకు ధైర్యం వచ్చేదంటారు. నాయకత్వ శిక్షణ తరగతుల్లో ఈ పాఠం ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవాడు నికోలా యోకిచ్. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2014లో, 41వ స్థానంలో దొరికిన మనిషి, 2023లో డెన్వర్‌కు మొట్టమొదటి టైటిల్ తెచ్చాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఈయన గెలిచి, కోర్టులోనే ఇంటికెళ్తానని మొదలుపెట్టాడు. ఊరేగింపు గురువారమని చెబితే ముఖం వేలాడేశాడు. సెర్బియాలో ఆయనకు పందెపు గుర్రాలున్నాయి, మనసంతా అక్కడే.

ఆ గుర్రాలకు నాయకత్వ లక్షణాలున్నాయా అని ఒక మిత్రుడు అడిగాడు. ముందు రేసు అవనివ్వమన్నాను.