మొక్క బతికేదాకా

వనజీవి రామయ్య పేరు వినగానే తెలుగువారికి గుర్తొచ్చేది మెడలో వేలాడే గుండ్రటి పలక, దానిమీద ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న అక్షరాలు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన ఆ దరిపల్లి రామయ్య 2025 ఏప్రిల్ 12న 87 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు ప్రధానమంత్రి మొదలు ఊరి సర్పంచుల దాకా అందరూ నివాళులర్పించారు, అందరూ ఆయన నాటిన కోటి మొక్కల మాటే ఎత్తారు. ఆ కోటిని కూర్చుని లెక్కపెట్టినవారు లేరు, ఆయన కూడా పద్దు రాసుకుంటూ నాటిన మనిషి కాదు. లెక్క సంగతి అటుంచి, ఆయన పని తీరును చూడాలన్నది మా అభిప్రాయం.

వేపగింజ రాలిన కొద్ది వారాలకే మొలకెత్తే సత్తువ కోల్పోతుంది. నేరేడు గింజను ఎండబెట్టి దాస్తే ఇక అది మొలవదు. చింతగింజ మాత్రం నెలల తరబడి ఆగుతుంది. ఏ గింజను ఎప్పుడు ఏరాలో, దేన్ని వెంటనే మట్టిలో పెట్టాలో, దేన్ని తొలకరి దాకా ఆపవచ్చో తెలిసినవాడికే ఈ పని చేతనవుతుంది. రామయ్య ఆ విద్యను ఏ కళాశాలలోనూ నేర్చుకోలేదు. గింజలు ఏరి సంచుల్లో నింపుకోవడం, వాటిని సైకిలు మీద, తర్వాతి రోజుల్లో మోపెడ్ మీద వేసుకుని రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, బడుల ఆవరణల్లో నాటుకుంటూ పోవడం ఆయనకు దశాబ్దాల పాటు దినచర్య. భార్య జానమ్మ ఈ పనిలో ఆయనకు సగపాలు. విత్తనాల కోసం తనకున్న మూడెకరాలు అమ్ముకున్నారని ఊరంతా చెప్పుకుంటుంది. పాత రేకు ముక్కలు తెచ్చి, వాటిమీద రంగుతో చెట్ల గురించి నినాదాలు రాసి, ఇంటి చుట్టూ వేలాడదీసుకున్న మనిషిని లోకం మొదట వింతగా చూసింది. 2017లో పద్మశ్రీ ఇచ్చాక గౌరవంగా చూసింది.

2022లో ఆయన రోడ్డు దాటుతుండగా ద్విచక్ర వాహనం ఢీకొట్టింది. ఆస్పత్రి మంచం మీద నుంచి ఆయన కోరింది ఒక్కటే: ఆ నడిపినవాడి మీద కేసు వద్దు, వాడి చేత వంద మొక్కలు నాటించండి.

రామయ్య ఒక్కడే చేసుకుపోతున్న పనిని 2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం పేరిట 230 కోట్ల మొక్కల లక్ష్యంతో తలకెత్తుకుంది. ఊరికో నర్సరీ వెలిసింది, పంచాయతీకో ట్రాక్టరు, ట్యాంకరు వచ్చాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంలోనే రాశారు. ఇంతవరకు మెచ్చుకోదగినదే. అయితే చట్టం బాధ్యతను సర్పంచుకు అప్పగించిందే గాని, పని తెలిసిన మనిషిని చూపించలేదు. నాటే రోజున ఫొటో ఉంటుంది, తీసిన గుంతకు బిల్లు ఉంటుంది. మూడో వేసవిలో ఆ మొక్క దగ్గరికి బిందెతో వెళ్లేవాణ్ణి పట్టించుకునేవారు అరుదు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని వరుసలు వరుసలుగా పెట్టిన కోనోకార్పస్ అనే పరాయి దేశపు చెట్టును ఇక నాటవద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. చెట్టు తెలిసినవాణ్ణి ముందే అడిగి ఉంటే వేప, కానుగ, నేరేడు పేర్లే చెప్పేవాడు.

పెరిగిన చెట్టు సంగతి ఇంకా అన్యాయం. మా కార్యాలయం ఉన్న వీధిలోనే ఒక కానుగ ఉంది. దాని మొదలు చుట్టూ అరచేతి మందం కూడా మట్టి వదలకుండా సిమెంటు పోశారు. మూడు చోట్ల మేకులు కొట్టి ట్యూషన్ బోర్డులు తగిలించారు. ఏటా వానలకు ముందు కరెంటు తీగల కోసం ఒక పక్క కొమ్మలను మాత్రమే నరికేస్తారు, అవతలి పక్క బరువుతో చెట్టు వంగుతుంది. అది గాలివానకు పడిపోతే తప్పు చెట్టుదే అంటాం. నీటిని, గాలిని అందుకునే వేళ్లలో ఎక్కువ భాగం పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయని, కొమ్మను కాండంతో కలిసే చోట ఉండే ఉబ్బును వదిలి కోస్తేనే గాయం మానుతుందని గొడ్డలి పట్టినవాడికి ఎవరూ చెప్పలేదు.

మనకు ఈ విద్య కొత్తేమీ కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, 2018లో అటవీశాఖవారు ఆ ఏడు వందల ఏళ్ల వృక్షానికి రోగికి పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి, పలుచన చేసిన మందును బొట్టుబొట్టుగా ఎక్కించారు, కొమ్మలకు ఆసరా కట్టారు. మర్రి నిలబడింది. పేరున్న చెట్టుకు అందిన ఆ వైద్యం పేరులేని వాటికి అందదు. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో రోజుల వ్యవధిలో యంత్రాలు చెట్లను నేలమట్టం చేస్తుంటే 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. సరిగ్గా తొమ్మిది రోజులకు రామయ్య వెళ్లిపోయారు.

ఆయన పేరిట ప్రభుత్వం ఏమైనా చేయదలిస్తే, విగ్రహం కన్నా ముందు ప్రతి మునిసిపాలిటీలో చెట్ల సంరక్షకుడి ఉద్యోగం సృష్టించాలని కోరుతున్నాము. ఆరు నెలలైనా నిజమైన శిక్షణ ఇచ్చి, వీధుల వారీగా చెట్ల జాబితా అతని చేతికివ్వాలి. అతని సంతకం లేనిదే విద్యుత్ సిబ్బంది గాని, రోడ్ల గుత్తేదారు గాని కొమ్మ ముట్టకూడదన్న నిబంధన పెట్టాలి. నీళ్ల ట్యాంకరు ఖర్చును నాటిన ఏడాదికే పరిమితం చేయకుండా మూడు వేసవుల బడ్జెట్‌లో చూపించాలి. ఈ తొలకరికి గుంతలు తీసే ముందే ఆ మూడో వేసవి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో కమిషనర్లు కాగితం మీద రాసి ప్రజల ముందు పెట్టాలి.