సవరణ: హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడేవాళ్లేనా?

అమెరికాలో హిస్పానిక్‌లంటే "స్పానిష్ మాట్లాడే కుటుంబాల వాళ్లు" అని మొన్నటి పోస్టులో ఉంది. దాన్ని "స్పానిష్ మాట్లాడే దేశాల్లో మూలాలున్నవాళ్లు" అని మార్చి చదవండి.

తేడా చిన్నదేం కాదు. టెక్సస్‌లో మూడు తరాలుగా స్థిరపడి, స్పానిష్ ఒక్క ముక్క రాని మెక్సికన్ మూలాల మనిషి కూడా హిస్పానిక్కే. 2020 జనగణన ఫారంలో మెక్సికన్, ప్యూర్టోరికన్, క్యూబన్ గళ్లు విడిగా ఉన్నాయి. మిగతావాళ్లు రాసుకునే గడి పక్కన ఇచ్చిన ఉదాహరణల్లో స్పెయిన్ వాళ్లూ ఉన్నారు. రుజువులేమీ అడగరు, ఎవరు ఏం చెప్పుకుంటే అదే లెక్క. జాతి ప్రశ్న అప్పట్లో వేరు; నల్లజాతి వాళ్లైనా, శ్వేతజాతి వాళ్లైనా హిస్పానిక్ కావచ్చు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వ ప్రమాణం ఈ రెండు ప్రశ్నల్ని కలిపేసింది. ఎప్పుడో కలపాల్సింది!

బ్రెజిల్ వాళ్లది పోర్చుగీసు. లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలవాళ్లు, అని పిలుస్తారు గానీ, ప్రభుత్వ నిర్వచనంలోకి మామూలుగా రారు.

ఇంటిపేరు చూసి మాత్రం తేల్చేయకండి. ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ ఇంటిపేర్లు బోలెడు. వాటిలో చాలావరకు 1849లో, స్పెయిన్ పాలనలో, అక్కడి గవర్నర్ క్లవేరియా ఇచ్చిన ఉత్తర్వు పుణ్యమే. హిస్పానిక్ కుటుంబంలోకి పెళ్లై ఇంటిపేరు గార్సియా అయినంత మాత్రాన మూలాలు మారవు. ఆ దంపతులకు పుట్టిన పిల్లలకు మాత్రం గార్సియాల వైపు నుంచి అవి వస్తాయి.