అద్దె దండగేనా? ఐదేళ్ల లెక్క వేసి చూడండి

హైదరాబాద్‌లో అద్దెకుంటున్న వాళ్లకు బంధువులు చెప్పే మాట ఒక్కటే: "నెలనెలా అద్దె దండగ. అదే ఈఎంఐ కడితే ఇల్లు మీదవుతుంది కదా!" ఇందులో సగమే నిజం ఉంది. లెక్క వేస్తే మిగతా సగం బయటపడుతుంది.

కోటి రూపాయల ఫ్లాట్ అనుకుందాం. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం దీనికి వచ్చే అప్పు మహా అయితే 75 లక్షలు. మిగిలిన 25 లక్షలు మనం పెట్టుకోవాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే ఇంకో ఏడున్నర లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం.

8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే ఈఎంఐ సుమారు 65 వేలు. మొదటి నెల అందులో 53 వేలు వడ్డీకే పోతాయి. ఐదేళ్లలో 39 లక్షలు కడితే అప్పులో అసలు తగ్గేది 9 లక్షలే, 30 లక్షలు వడ్డీ. అలాంటి ఫ్లాటే 28 వేలకు అద్దెకు దొరికితే ఐదేళ్లకు 17 లక్షలు కూడా కాదు. ఓనరుకిచ్చే అద్దె దండగైతే బ్యాంకుకిచ్చే వడ్డీని ఏమనాలి? కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు కూడా లేదు.

ధర పెరుగుతుందిగా అంటారు. పెరిగేది భూమి విలువ, గోడలు పాతబడేవే. ముప్పై, నలభై అంతస్తుల టవర్లలో ఒక్కో ఫ్లాటుకు దక్కే స్థలం వాటా చాలా తక్కువ. క్లబ్‌హౌస్ చూసి మురిసిపోయే ముందు, "నా వాటా ఎన్ని గజాలు?" అని అడగండి. ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మే ఫ్లాట్ల జోలికి అసలు పోవద్దు. ఇలాంటి పెద్ద ప్రాజెక్టును రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా అమ్మకానికి పెట్టడమే 2016 రెరా చట్టానికి విరుద్ధం. అలా డబ్బు కట్టి, ఇల్లు రాక, ఇటు అద్దె, అటు అప్పు మోస్తున్న కుటుంబాల బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అందుకే ఐదారేళ్లలో ఊరో ఉద్యోగమో మారే వీలున్నవాళ్లు నిశ్చింతగా అద్దెకే ఉండొచ్చని నా అభిప్రాయం. చేతిలో ఉన్న ముప్పై రెండున్నర లక్షలను ఖర్చు చేయకుండా, ఈఎంఐకీ అద్దెకీ తేడాగా మిగిలే సొమ్మును నెలనెలా దానికి జత చేస్తేనే సుమా.

అయితే లెక్కకు అందని విషయం ఒకటుంది. మన ఊళ్లలో అద్దెకుంటున్న మనిషి ఆసుపత్రిలో పోతే శవాన్ని లోపలికి రానివ్వని ఓనర్లు ఇంకా ఉన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్లాల్సి వచ్చిన బిడ్డల గుండెకోతకు ఏ ఈఎంఐ సమానం కాదు. ముసలి తల్లిదండ్రులు దగ్గరుండి, ఉన్న ఊళ్లోనే స్థిరపడినవాళ్లకు నేను కొనొద్దని చెప్పలేను. కాకపోతే టవర్ల వెంట పడకుండా, నాలుగైదు అంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో, కాగితాలన్నీ సరిగ్గా ఉన్న డబుల్ బెడ్‌రూమ్ చూసుకోండి. ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు.