కాస్త బరువున్నవాళ్ళు వెనక కూర్చోండి

మంచులో ఇరుక్కున్న నా కారు వీడియో మీలో చాలామందికి ఈపాటికే వచ్చి ఉంటుంది. అందులో సగమే ఉంది కాబట్టి మిగతా సగం నేను చెప్తాను.

మొన్న ఆదివారం డెట్రాయిట్ పక్కన నోవైలో ఫ్రెండు వాళ్ళింట్లో సంక్రాంతి. ఇక్కడ పండగలన్నీ వీకెండుకే వస్తాయి, పంచాంగం ఏం చెప్పినా సరే. భోగిపళ్ళు, బొబ్బట్లు, పులిహోర అయ్యాయి. లోపల మేం తింటుంటే బయట మంచు పడింది. పొద్దున్నే స్కూళ్ళు, ఆఫీసులు ఉన్నాయని అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్ళ డ్రైవ్‌వే రోడ్డు మీద నుంచి ఇంటివైపు కిందికి దిగుతుంది. అందరికంటే ఆలస్యంగా వెళ్ళాను కాబట్టి అందరికంటే వెనక, పైన, అడ్డంగా నా కారు. అది కదిలితే తప్ప ఇంకెవరిదీ కదలదు.

నా కారు 2003 మెర్క్యురీ గ్రాండ్ మార్కీ.

ఆ కారేంటో తెలియనివాళ్ళ కోసం కథ కాసేపు ఆపుతాను, ఎలాగూ కారు కూడా కదల్లేదు కదా. అమెరికా పోలీసు కారు అనగానే గుర్తొచ్చే ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, ఎయిర్‌పోర్టుల దగ్గర నల్లగా బారులు తీరి ఉండే లింకన్ టౌన్ కార్, మా మార్కీ, ముగ్గురూ ఒక తల్లి పిల్లలే. ఆ తల్లిని, అంటే మూడింటికీ కింద ఉన్న ఒకే కట్టుబడిని, పాంథర్ ప్లాట్‌ఫామ్ అంటారు. 1979 మోడల్‌తో మొదలై 2011 సెప్టెంబర్‌లో కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో చివరి క్రౌన్ విక్ బయటికొచ్చేదాకా నడిచింది. లారీకున్నట్టు కింద విడిగా ఇనప ఛాసిస్, ముందు 4.6 లీటర్ల వి8 ఇంజను, డ్రైవంతా వెనక చక్రాలకి. పొడవు 212 అంగుళాలు. ముందు కూడా బెంచీ సీటే, గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది, ఆరుగురు మోకాళ్ళు తగలకుండా కూర్చోవచ్చు. జీఎం వాళ్ళు 1996లోనే ఇలాంటి తమ పెద్ద కార్లు క్యాప్రిస్‌కీ ఇంపాలా ఎస్‌ఎస్‌కీ నీళ్ళొదిలేసి, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీని ఎస్‌యూవీలకు అప్పజెప్పేశారు. ఫోర్డ్ వాళ్ళు మాత్రం ఇంకో 15 ఏళ్ళు లాక్కొచ్చారు. తర్వాత వాళ్ళూ వదిలేశారు. అంతకుముందే 2010లో తమ మెర్క్యురీ అనే బ్రాండు పేరునే ఎత్తేస్తున్నామని చెప్పేశారు. అంటే నా కారుకి ఇప్పుడు పుట్టిల్లు కూడా లేదు. నేనూ వదిలేస్తే అదెక్కడికి పోతుంది?

ఈ మాటే మా ఆవిడతో అంటే, “పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఎక్కడికెళ్ళినా ఇదొకటి” అంటుంది. పార్కింగ్ గీతల కన్నా పొడవుందని అపార్ట్‌మెంట్ వాళ్ళు ఉత్తరాలు రాస్తారు. పెట్రోలు బంకులో పక్కవాడు జాలిగా చూస్తాడు. అవన్నీ నాకు లెక్కలేదు. హైవే ఎక్కాక ఆ బెంచీ సీట్లో ఒక చెయ్యి అలా చాపి కూర్చుంటే రోడ్డు మీద గుంటలు ఉన్నాయన్న సంగతి ఇంటికెళ్ళాక పేపర్లో చదివి తెలుసుకోవాల్సిందే.

ఒక్క మంచు దగ్గర మాత్రం మాకూ దానికీ కుదరదు. ఇంజను బరువు ముందుంటుంది, తోసే చక్రాలు వెనకుంటాయి. అందుకని మంచు పడే ఊళ్ళలో మావాళ్ళు, అంటే ఈ కార్లంటే పిచ్చి ఉన్న మా బ్యాచ్, చలికాలం రాగానే డిక్కీలో ఇసుక మూటలు వేసుకుంటారు. ఆ మూటలు ఎక్కడ పెట్టాలన్నది మా బ్యాచ్‌లో పెద్ద యుద్ధం. డిక్కీ గుంటలో కాదు, స్పేర్ టైరు పెట్టే మెట్టు మీద, సరిగ్గా వెనక చక్రాల ఇరుసు పైన పెట్టాలన్నది నా పక్షం. నేను తెలుగువాణ్ణి, డబ్బిచ్చి ఇసుక కొనడానికి మనసొప్పలేదు. సోనా మసూరి మూటలు వేశాను. ఇసుకైతే ఎండాకాలం రాగానే పారబోయాలి, ఇదైతే వండుకోవచ్చు. మా బ్యాచ్‌లో తెల్లవాళ్ళు కూడా ఈ ఐడియాకి శభాష్ అన్నారు.

ఆ మూటలు ఆ రోజు పొద్దున్నే మా ఆవిడ గుళ్ళో ఇచ్చేసింది. సంక్రాంతికి బియ్యం దానం చేస్తే పుణ్యమట. “అవి కారు బియ్యమని నాకేం తెలుసు” అంది. ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో గానీ పాపం మాత్రం సాయంత్రానికే నా ఖాతాలో పడింది.

వింటర్ టైర్లు కొనుక్కోవచ్చు కదా అని అడుగుతారు. కొనుక్కోవచ్చు.

సరే, రివర్సు వేసి యాక్సిలరేటర్ నొక్కాను. కుడిచేతి వెనక చక్రం ఒక్కటే గిర్రున తిరిగింది. వెనక రెండు చక్రాలకీ ఇంజను బలం పంచే డిఫరెన్షియల్ నాది మామూలుది, రెండింట్లో ఏ చక్రానికి పట్టు లేదో దాన్నే తిప్పుతుంది. రెండోది తనకేం సంబంధం లేనట్టు ఊరుకుంది. అప్పుడు తగులుకున్నాడు మా ఫ్రెండు తోడల్లుడు. ఈయన ఏదో ఆటో కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు, కొత్త తెల్ల ఎలక్ట్రిక్ కారు కొన్నాడు, నన్ను ఎప్పుడు చూసినా “అన్నా, ఇంకా ఇది అమ్మలేదా?” అన్నదే పలకరింపు. బావున్నావా, పిల్లలు బావున్నారా ఏమీ ఉండదు. గుమ్మంలో నిలబడి అందరికీ క్లాసు మొదలుపెట్టాడు. కారు ముక్కు కిందికుంది కాబట్టి బరువంతా ముందు చక్రాల మీద ఉందట, ముందు చక్రాలతో నడిచే కార్లన్నీ ఇలాంటి ఏటవాలు మీద రివర్సులో హాయిగా ఎక్కేస్తాయట, అన్న కారు మాత్రం వెనక చక్రాలతో నడిచేది కాబట్టి ఎక్కదట, తనదైతే ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి ఎటైనా ఎక్కేస్తుందట. ఫిజిక్సు ముక్కముక్కా కరెక్టే. అందుకే ఇంకా మండింది. అంత గొప్ప ఆల్ వీల్ డ్రైవూ నా కారు ముందు ఇరుక్కుపోయి ఉందన్న సంగతి మాత్రం ఆయన క్లాసులో రాలేదు.

రోడ్ సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేశాను. ఏటేటా ప్రీమియంతో పాటు దీనికీ డబ్బులు కడతాను. కారేంటి అంది ఆవిడ. మెర్క్యురీ అన్నాను. మెర్సిడెస్ అని రాసుకుంది. కాదమ్మా, మెర్క్యురీ అని అక్షరం అక్షరం చెప్పాను. లైన్లో ఉండమని ఏదో సంగీతం పెట్టి, తిరిగొచ్చి, “కారు రోడ్డు మీద ఉందా?” అంది. డ్రైవ్‌వేలో ఉందన్నాను. “మాది రోడ్డు పక్కన సహాయం మాత్రమే సర్, మీరు రోడ్డు మీదికి వచ్చాక ఫోన్ చేయండి” అంది. రోడ్డు మీదికి రాగలిగితే నీకెందుకమ్మా ఫోన్ చేస్తాను?

ఇక మిగిలింది మనుషులే. వెనక సీట్లో ముగ్గురు బరువైనవాళ్ళు కూర్చుంటే చక్రానికి కాస్త పట్టు దొరుకుతుంది. ఈ మాట పట్టుచీరల్లో, కుర్తాల్లో ఉన్న ముప్పై నలభైమంది ముందు ఎలా చెప్పాలి? నేను నసుగుతుంటే ఇంటాయన గొంతు సవరించుకుని చాలా మర్యాదగా, “కాస్త పెద్దవాళ్ళు వచ్చి వెనక కూర్చుంటే బావుంటుంది” అని ప్రకటించాడు.

అంతే, లోపల్నుంచి వాళ్ళ మామగారు బయల్దేరారు. ఎనభై ఏళ్ళు, మంకీ క్యాప్, స్వెట్టరు మీద స్వెట్టరు, ఆ రెండు స్వెట్టర్లూ తీసేస్తే మిగిలేది కళ్ళజోడే. విజిటర్ వీసా మీద వచ్చి ఎవరూ ఏ పనీ చెప్పక విసిగిపోయి ఉన్నారేమో, ఎవరు ఆపేలోపే వచ్చి వెనక సీటు మధ్యలో దర్జాగా కూర్చున్నారు. ఆయన కూర్చున్నట్టు కారుకి తెలియను కూడా తెలియలేదు. ఆయన్ని లేవమని చెప్పే ధైర్యం ఇద్దరల్లుళ్ళకీ లేదు, నాకు అసలే లేదు.

ఇంకా ఇద్దరు కావాలి. ఇంటాయన చూపు జనం మీద తిరగడం మొదలవగానే మగవాళ్ళందరూ ఒక్కసారి పొట్టలు లోపలికి లాక్కున్నారు. కొత్త సంవత్సరానికి జిమ్‌లో చేరిన ఒకాయన ఎవరూ అడక్కుండానే “నేను తగ్గానండీ” అన్నాడు. ఆడవాళ్ళు మాత్రం మొహమాటపడలేదు. “మా ఆయన్ని తీసుకెళ్ళండి అన్నయ్యా” అని ఒకావిడ మొగుణ్ణి ముందుకు తోసింది. పక్కావిడ “మీ ఆయనకంటే మా ఆయనే నయం వదినా” అని పోటీకి దిగింది. వేలంపాటలో పోయినట్టు ఆ మొగుళ్ళిద్దరూ వచ్చి, మామగారికి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. తలుపులు వేశాం.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. నా బండికి వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉంది. స్ప్రింగుల బదులు గాలి సంచులు. డిక్కీలో సామాను వేసినా, వెనక మనుషులెక్కినా కారు తోక దిగిందని ఒక సెన్సరు కనిపెడుతుంది, కంప్రెసరు బుర్రుమని గాలి నింపి మళ్ళీ సమానంగా లేపుతుంది. ఇన్నేళ్ళ బండిలో అది ఇంకా పనిచేస్తోందంటే మా బ్యాచ్‌లో నాకున్న గౌరవమే వేరు. చాలామంది అది పాడవగానే పీకేసి మామూలు స్ప్రింగులు వేయించేస్తారు.

తలుపులు వేసిన కాసేపటికి ఆ నిశ్శబ్దంలో, అంతమంది చూస్తుండగా, వెనక నుంచి బుర్రుమని మొదలైంది. కారు తోక మెల్లగా, అందరికీ కనబడేలా, పైకి లేచింది.

“ఏంటా మోత?” అన్నాడు కుడిపక్కాయన.

ఎవరైనా నా కారు గురించి అడిగితే నాకు ఒళ్ళు తెలియదు. వెనక్కి తిరిగి, “బరువు ఎక్కువైందని తెలిసి దానంతటదే లేస్తోందండీ, 2003లోనే ఎంత టెక్నాలజీయో చూడండి” అన్నాను.

బయట వాళ్ళావిడ పడీపడీ నవ్వింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మావయ్యగారు కూర్చున్నప్పుడు లేవలేదే” అన్నాడు. ఇదేదో తన గొప్పే అనుకుని మామగారు తల ఊపారు. ఎడమపక్కాయన తనవల్ల కాదని నిరూపించుకోవడానికి కాస్త లేచి కూర్చున్నాడు. గాలి కొంచెం వదిలి కారు మళ్ళీ దిగింది. ఇక కుడిపక్కాయన ఆగలేదు, తలుపు తీసుకుని దిగి, మంచులో ఆ షెర్వానీతోనే ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఈ ముక్కంతా వీడియోలో ఉంది, ఎందుకంటే తోడల్లుడుగారు అప్పటికే ఫోన్ తీసి వ్యాఖ్యానం కూడా చెప్తున్నాడు. మేం పడ్డ కష్టంలో చెయ్యేసినవాళ్ళు ఎవరూ వీడియోలో లేరు, గమనించారా? ఆయన గొంతు మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఉంది.

మామగారు మాత్రం దిగలేదు. సీటు తట్టి చూసి, “మా అంబాసిడర్ సీటు ఇలాగే ఉండేదోయ్, అదీ వెనక చక్రాల బండే” అన్నారు. ఆయన రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. 77 ఉప్పెన తర్వాత అవనిగడ్డ వైపు నల్లరేగడి బురదలో బండి ఎలా నడిపించారో మొదలుపెట్టారు. అది ఇంట్లో అందరూ వినేసిన కథే అని ఇద్దరల్లుళ్ళ మొహాలు చూస్తే తెలిసింది, నాకు మాత్రం కొత్తది. చక్రం కింద గరుకుగా ఏదైనా పడాలి, అదీ దాని సారాంశం. “ఇసుకుందా?” అన్నారు. లేదు. “బూడిద?” గ్యాస్ పొయ్యిల ఇంట్లో బూడిదెక్కడిది? “పోనీ గ్యారేజీలో ముగ్గేశారు కదా, ఆ పిండేది?”

ఇంటావిడ బావురుమంది. ఆ ముగ్గూ రంగులూ వాళ్ళమ్మ సూట్‌కేసులో పెట్టుకుని తెనాలి నుంచి మోసుకొచ్చినవి. “నాన్నా, రంగులొద్దు” అంది. నాన్నగారు వినలేదు. సర్వీసులో ఉండగా ఎన్ని ఫైళ్ళ మీద సంతకం పెట్టారో గానీ అంత ఖచ్చితంగా ఆర్డరు వేయడం ఆ రోజే చూశాను. తెల్లముగ్గు చాల్లేదు. పసుపు, ఎరుపు, నెమలిపించం నీలం, అన్నీ కుడి చక్రం కింద గుమ్మరించారు. తోడల్లుడుగారు క్లోజప్ కోసమని ముందు తలుపు దగ్గర వంగి చక్రం వైపు ఫోన్ పెట్టాడు. పక్కకి జరగమని నేను చెప్పాను. వీడియోలో నా మాట వినబడదు, ఆయన మ్యూజిక్ కలిపాడు.

రివర్సులో చక్రం వెనక్కి తిరుగుతుంది కాబట్టి కిందున్నదంతా ముందుకి చిమ్ముతుంది. ఫిజిక్సు అంత బాగా తెలిసినాయనకి ఇది నేను చెప్పాలా?

కారు ఎక్కింది. ఎలా ఎక్కిందో నాకు పెద్దగా గుర్తులేదు, రోడ్డు మీదికొచ్చాక అందరూ చప్పట్లు కొట్టారు, మామగారు వెనక సీట్లో కూర్చుని చెయ్యి ఊపారు, ఆయన్ని దించడానికి మళ్ళీ ఇంకో పావుగంట పట్టింది. వెనక్కి చూస్తే తోడల్లుడుగారి తెల్ల కుర్తా, దాని వెనక తెల్ల కారు, హెడ్‌లైట్ల దగ్గర్నుంచి అద్దం దాకా నెమలిపించం నీలం. తడి మంచుతో కలిసి అతుక్కుంది. ఆ ముక్క వీడియోలో లేదు, కట్ చేశాడు.

నిన్న ఆయన దగ్గర్నుంచి కారు డీటెయిలింగ్ ఖర్చు 180 డాలర్లు పంపమని ఫోన్లో రిక్వెస్టు వచ్చింది. కింద, “అన్నా, ఇప్పటికైనా అమ్మెయ్” అని ఒక ముక్క. నేను దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, “నమస్తే అంకుల్, ఇదేంటో కాస్త మీ అల్లుడుగారిని అడగండి” అని మామగారికి వాట్సాప్ చేశాను. టైపింగ్ అని చూపిస్తోంది, చాలాసేపట్నుంచి.