బ్రంచ్ అనబడు పూట ఎగ్గొట్టు విధానం

విజయవాడలో నిడమానూరు దాటాక హైవే పక్కన ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్ ఉంది. పేరు చెప్పను, చదువుతుంటే మీకు ఓ నాలుగు పేర్లు తడతాయి, ఏది అనుకున్నా కరెక్టే. మా అక్క కొడుకు అందులోనే ఎంపీసీ. పోయిన వారం పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పడింది: "విద్యార్థుల ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ ఆదివారం నుంచి సండే బ్రంచ్ ప్రవేశపెడుతున్నామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము." కింద వరసగా "సూపర్ సార్", "థాంక్యూ సార్", ఒకాయనైతే "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి సార్" అని కళ్లనీళ్ల బొమ్మ కూడా పెట్టాడు. పాపం కొత్త బ్రాంచ్ ఏదో తెరుస్తున్నారనుకుని ఉంటాడు. మా అక్క గుంటూరు నుంచి నాకు ఫోన్ చేసి "ఒరేయ్, బ్రంచ్ అంటే ఏందిరా, జ్యూసా?" అంది.

జ్యూస్ కాదక్కా. కాకపోతే పిండటం మాత్రం నిజం.

మన పేరెంట్స్ మహాసభకి తెలియాల్సిన చరిత్ర కొంత ఉంది, ఓపిగ్గా వినండి. 1895లో గై బెరింజర్ అని ఒక ఇంగ్లీషాయన హంటర్స్ వీక్లీ అనే పత్రికలో వ్యాసం రాసి, బ్రేక్‌ఫాస్ట్ తలకాయకి లంచ్ తోక అతికించి ఈ మాటని లోకం మీదకి వదిలాడు. ఆయన బాధేంటయ్యా అంటే, శనివారం రాత్రి తాగి తిరిగొచ్చినవాళ్లు ఆదివారం పొద్దున్నే లేవలేరు, పైగా చర్చి అయ్యాక ఆ బరువైన భోజనం ఒకటి, అంచేత నిద్ర తీరేదాకా పడుకుని మధ్యాహ్నానికి లేచి, టీతో మొదలెట్టి మెల్లగా గట్టి పదార్థాల్లోకి దిగితే ప్రాణానికి సుఖం అని. టీ కాఫీలకి బదులు బీరు, విస్కీ అయినా పర్లేదని చివర్లో ఒక ముక్క కూడా తగిలించాడు. ధర్మాత్ముడు. మరుసటేడు పంచ్ అనే ఇంగ్లీషు హాస్య పత్రిక ఇంకో విశేషం చెప్పింది, ఆక్స్‌ఫర్డ్‌లో అప్పటికే దీనికి శాస్త్రం ఉందట, కలిపి తినే తిండి టిఫిన్ టైముకి దగ్గరైతే బ్రంచ్, లంచ్ టైముకి దగ్గరైతే బ్లంచ్. బ్లంచ్! బురదలో గేదె కాలేసినట్టుంది.

మనకి ఇది ఎప్పుడొచ్చిందంటారా, మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉంది, ఆదివారం పదకొండింటికి గారెలు, నాటుకోడి పులుసు, ఆ తర్వాత మూడింటిదాకా ఎవడైనా లేస్తే ఒట్టు. కాకపోతే దానికి పేరు పెట్టి బోర్డు తగిలించి వెయ్యి దాకా లాగొచ్చని మనకి తట్టలేదు. బందరు రోడ్డులో ఒక పెద్ద హోటలుకి తట్టింది. మా బావమరిది పట్టుబట్టి తీసుకెళ్లాడు, హాల్లోకి అడుగుపెట్టగానే ఎడమ పక్క బ్రేక్‌ఫాస్ట్, కుడి పక్క లంచ్, మధ్యలో మొక్కల కుండీలు. రెండూ కలిపితేనే కదా బ్రంచ్, ఈ సరిహద్దు ఏంటి అనుకుంటూనే రెండు ఇడ్లీలు (రూపాయి బిళ్లంత ఉన్నాయి, ఒక్కోదానికి పుల్ల గుచ్చి జెండా కూడా పెట్టారు) ప్లేట్లో వేసుకుని కుండీలు దాటి కోడి పులుసు దగ్గరకెళ్లా. గరిటె పట్టుకున్న కుర్రాడు నా ప్లేటు చూసి వెనక్కి తగ్గాడు. "సార్, ఇది లంచ్ సెక్షన్ సార్, ఇడ్లీకి సాంబార్ అటు పక్క." ఇడ్లీలో పులుసు పోసుకుంటా బాబూ అన్నా. వాడు సూపర్‌వైజర్ని పిలిచాడు. సూపర్‌వైజర్ టై సర్దుకుని, "సార్ మీరు ఇడ్లీ ఫినిష్ చేసి ఫ్రెష్ ప్లేట్‌తో రండి" అన్నాడు. ఈ చర్చ జరుగుతుండగా పదకొండున్నర అయింది, ఎడమ పక్క గిన్నెలన్నీ లోపలికి పోతున్నాయి, అదేంటయ్యా అంటే "బ్రేక్‌ఫాస్ట్ క్లోజ్ సార్" అన్నారు. అంటే వెయ్యి రూపాయలకి నేను తిన్నది ఏంటి, గంటసేపు టిఫిన్, తర్వాత భోజనం, మధ్యలో ఒక చెక్‌పోస్టు. మా బావమరిది మాత్రం ఆ జెండాలన్నీ ఫోటోలు తీసుకున్నాడు. పొద్దున ఆరింటికే గాంధీనగర్ బాబాయి హోటల్లో నెయ్యి ఇడ్లీ తిని రావాల్సిన మనిషిని, ఖర్మ.

సరే, అది డబ్బులున్నోళ్ల సరదా, వాళ్ల పొట్ట వాళ్లిష్టం. హాస్టల్ సంగతికొద్దాం.

బెరింజర్ గారి బ్రంచ్‌లో మొదటి షరతు నిద్ర. హాస్టల్ బ్రంచ్‌లో నిద్ర లేదు. ఆదివారం కూడా ఐదింటికి బెల్లు, ఐదున్నరకి స్టడీ అవర్, ఏడున్నరకి వీకెండ్ టెస్టు, ఆ టెస్టు మూడు గంటలు, అదయ్యాక 10:30కి బ్రంచ్. శనివారం రాత్రి మావాడు చేసిన జల్సా ఏంటంటే పదకొండిటిదాకా రొటేషనల్ మోషన్ లెక్కలు. మెనూ కూడా గ్రూపులో పెట్టారు: పులిహోర, అన్నం, చికెన్ ఒక సర్వింగ్, మజ్జిగ. సాయంత్రం ఐదింటికి గుప్పెడు ఉడకబెట్టిన శనగలు. మళ్లీ కూడు రాత్రి ఏడున్నరకి. పొద్దున టిఫిన్ ఎటు పోయింది? మధ్యాహ్నం భోజనం ఎటు పోయింది? రెండూ కలిసి ఇంగ్లీషులోకి పోయాయి. పదహారేళ్ల పిల్లాడు, ఇంట్లో ఉంటే మధ్యాహ్నం ఒక్కపూటే మా అక్క మూడుసార్లు అన్నం వడ్డించే వయసు. ఆకలికి వాడు బిస్కెట్ ప్యాకెట్ తెమ్మంటే గేటు దగ్గర "అవుట్‌సైడ్ ఫుడ్ నాట్ అలౌడ్". లోపల పెట్టరు, బయటిది రానివ్వరు, దాన్ని ఆరోగ్యం అంటారు! సిగ్గుండాలి. లక్షలు కట్టించుకుని పిల్లల నోటికాడ కూడు లాక్కోవడం పాత రోజుల్లో కనీసం దొంగచాటుగా చేసేవాళ్లు, ఇప్పుడు గ్రూపులో ప్రకటించి థాంక్స్ చెప్పించుకుంటున్నారు.

ఇదే ఊళ్లో పాయకాపురం గవర్నమెంటు జూనియర్ కాలేజీలో 2025 జనవరిలో ఇంటర్ పిల్లలకి మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు, డొక్కా సీతమ్మ గారి పేరు మీద. గోదావరి లంకల్లో ఏ వేళప్పుడు ఎవరొచ్చి ఆకలన్నా లేచి వండిపెట్టిన తల్లి ఆవిడ, నువ్వు బ్రేక్‌ఫాస్టువా లంచువా అని అడగలేదు. అక్కడ పైసా కట్టని పిల్లాడికి మధ్యాహ్నం అన్నం ఉంది, ఇక్కడ అక్క గాజులు తాకట్టు పెట్టి చేర్పించినవాడికి శనగలు. సూపర్ సార్ అన్న పేరెంట్స్‌ని అడుగుతున్నా, మీ ఇంట్లో ఆదివారం మీరు ఎన్నిసార్లు తింటున్నారు?

నేను ఊరుకోలేక ఆఫీసుకి ఫోన్ చేశా. చాలా మర్యాదగా, మీ పద్ధతి మాకు బాగా నచ్చింది సార్, మేం కూడా అదే ఫాలో అవుతాం, మొదటి టర్మ్ ఫీజు తలా రెండో టర్మ్ ఫీజు తోకా కలిపి మధ్యస్తంగా ఒకటే కడతాం, ఆరోగ్యం దృష్ట్యా, దానికి మంచి ఇంగ్లీషు పేరు కూడా మీరే పెట్టండి అన్నా. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి అంతే మర్యాదగా చెప్పింది:

"లేదండీ, ఫీజు మాత్రం ఏ టర్ముకి ఆ టర్మే. పదో తారీఖు దాటితే ఫైన్ పడుద్ది సార్."